మాట పడిన గంట

పేరిందేవమ్మగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని అంటించేవారు. ఎండాకాలమైతే చింతపండులో గింజలు తియ్యమనేవారు, వానాకాలమైతే దీపాలకు వత్తులు చెయ్యమనేవారు. సగంమంది ఆ పని అయ్యేలోపు తామేం అడిగారో మరిచిపోయి, ప్రసాదం తిని ఇంటికి పోయేవారు. మిగిలిన సగానికే ఆవిడ జవాబు దక్కేది. అదీ జవాబులా ఉండేది కాదనుకోండి.

నాగావళి ఒడ్డున, కొండ కింద ఆవిడ ఆశ్రమం. ఆశ్రమమంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. రెండు తాటాకు పాకలు, ఒక నుయ్యి, ఒక సన్నజాజి పందిరి, అంతే. ఏటికి అవతల గంటల కార్ఖానా. గుళ్ళకీ బళ్ళకీ కావలసిన కంచు గంటలన్నీ ఆ చుట్టుపక్కల అక్కడే పోసేవారు. పొద్దు వాలేవేళకి కొలిమి పొగా, ఏటి మీది మంచూ కలిసిపోయి అవతలి ఒడ్డు అసలుందో లేదో తెలిసేది కాదు. ఆ తెల్లటి మసకలోంచి అప్పుడప్పుడు ఒక గంట మోగేది. కొత్తగా పోసినదాన్ని ఎవరో కొట్టి చూస్తున్నారన్నమాట. ఆ మోత నీళ్ళ మీద నడిచొచ్చి, పందిరి కింద కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం ఆ మసకలోంచే పడవ దిగి సోమాచారి వచ్చాడు. తండ్రి తరవాత కార్ఖానాకి అతనే పెద్ద. మంచివాడు, పనిమంతుడు. కోపం కొంచెం ముక్కు మీదే ఉంటుంది గానీ, కడుపులో ఏమీ పెట్టుకోడు. చిన్నప్పట్నుంచీ అమ్మగారి దగ్గరికి వస్తూ పోతూ ఉన్నవాడే. వచ్చి నమస్కారం చేసి, పీట మీద కూర్చోకుండానే అడిగేశాడు.

"అమ్మా, మా వాళ్ళు నాకు ఏదీ చెప్పరు. వాళ్ళ చేత ఎలా చెప్పించాలి?"

"ఆ బుట్ట ఇటు లాక్కో నాయనా. గింజలు విడిగా వెయ్యి, పీచు విడిగా వెయ్యి," అన్నారు ఆవిడ.

చింతపండు ఒలుస్తూ సోమాచారి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. గంట పోసేటప్పుడు మాట్లాడకూడదని ఆ కార్ఖానాలో తాతల నాటి ఆనవాయితీ. కరిగిన కంచుతో మూస, అంటే కంచు కాచే కుండ, కొలిమి మీంచి లేచిన క్షణం నుంచి, గోతిలో పాతిన మట్టి అచ్చు నోటిదాకా నిండేవరకు ఎవరూ పెదవి విప్పకూడదు. విప్పితే ఆ మాట కంచులో పడుతుందట. గంట జన్మంతా ఆ మాటే పలుకుతుందట. అందుకని మూస ఎత్తేముందు పెద్ద ఒక్కసారి అందరినీ అడుగుతాడు, "అంతా సరేనా?" అని. అందరూ ఒక్క గొంతుతో "సరే!" అంటారు. తరవాత ఇక మౌనమే. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, అక్కడ అంగీకారం కూడా సగం మౌనమే అయిపోయింది.

కిందటేడు అలాగే అందరూ సరే అన్నారు. కంచు పోశారు. అచ్చులో ఎక్కడో తడి ఉండిపోయింది. కరిగిన లోహానికి తడి తగిలితే ఊరుకుంటుందా? ఎగదన్నింది. మూస వంచుతున్న లింగమూర్తి ఎడమ కాలు మడమ దాకా కాలిపోయింది. లింగమూర్తి సోమాచారికి స్వయానా బావమరిది. కంచు పోయడంలో అంత నిదానమైన చెయ్యి ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. ఆసుపత్రి వసారాలో, అచ్చులు చేసే పారమ్మ స్తంభానికి ఆనుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

"నాకు ముందే అనుమానమేసింది బాబూ," అంది.

"మరెందుకు చెప్పలేదే?"

"తమరు సరేనా అన్నారు. అందరూ సరే అన్నారు. నానూ సరే అన్నాను."

ఆ మాట సోమాచారిని నిద్రపోనివ్వలేదు. ఏదో ఒకటి చెయ్యాలని కార్ఖానా గుమ్మంలో ఒక చిన్న గంట కట్టించాడు. ఎవరికి ఏ లోపం కనిపించినా, ఏ సందేహం వచ్చినా దాన్ని మోగించండి, వచ్చి వింటానన్నాడు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత. గంటలు చేసేవాళ్ళకే ఆ తిప్పలొచ్చిపడింది! నెలలు గడిచినా దాన్ని ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. చివరికి అందులో పిచ్చుకలు గూడు పెట్టాయి.

"ఈ శుక్రవారం కొండమీది గుడికి పెద్ద గంట పొయ్యాలమ్మా. లింగమూర్తి కుంటుకుంటూనే వచ్చి, నేనే పోస్తాను బావా అని కూర్చున్నాడు. ఇంట్లో మా ఆవిడ నా మొహం చూడకుండా ఒక్కటే మాట అంది. ‘మా తమ్ముడికి ఇంక మిగిలింది ఒక్క మంచి కాలు. అది మీ చేతిలో పెడుతున్నాను’ అంది." సోమాచారి ఒలుస్తున్న చింతపండు పక్కన పెట్టి ఆవిడ వైపు చూశాడు. "నేను అడుగుతూనే ఉన్నాను కదమ్మా. ఇంకెలా అడగాలి?"

పేరిందేవమ్మగారు మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి, పాకలోకి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చారు. సోమాచారి గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"ఎలా ఉంది?"

"అమృతంలా ఉందమ్మా."

ఆవిడ తన గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, ఒక్క చుక్క తాగి, మొహమంతా ముడుచుకున్నారు. "ఓరి నీ అమృతం బంగారం కానూ! ఉప్పు కషాయంరా ఇది. సముద్రంలో ముంచి తెచ్చినట్టుంది." ఆవిడ కావాలనే వేశారో, చెయ్యి జారి పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. "నేనేం నిన్ను కొడతానా, తిడతానా? ఎందుకు చెప్పలేదు?"

సోమాచారి తల దించుకున్నాడు. "మీరు పెద్దవారు... మోకాళ్ళ నొప్పులతో లేచి తెచ్చారు..."

ఆవిడ మళ్ళీ లేచారు. మళ్ళీ మజ్జిగ తెచ్చారు. ఈసారి అతను ఒక గుక్క తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. సన్నజాజులు ఒక్కొక్కటీ విచ్చుకుంటున్న వేళ అది. చివరికి, నేల చూపులు చూస్తూ, "అమ్మా, ఇందులో ఉప్పు... లేదేమో," అన్నాడు.

"అలాగా," అని ఆవిడ ముచ్చటగా మూడోసారి లేచారు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. లోపలికి వెళ్ళి, చిటికెడు ఉప్పు తెచ్చి, గ్లాసులో వేసి, తన వేలితోనే కలిపి ఇచ్చారు. మొహంలో చిరాకు లేదు, నవ్వూ లేదు. చింతపండు బుట్ట ఖాళీ అయ్యింది. ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

తిరిగి పడవ ఎక్కిన సోమాచారికి నీళ్ళ ఊపుకి కునుకు పట్టింది. ఆ కునుకులో ఒక కల. కార్ఖానా వాకిలి నిండా మట్టి అచ్చులు నోళ్ళు తెరుచుకుని బారులు తీరి నిలబడి ఉన్నాయట. ప్రతి నోట్లోంచీ తెల్లటి మంచు మెల్లగా పొంగి, అంచుల మీంచి జారి, అతని పాదాలు ముంచేస్తోందట. అతను ఒక్కో అచ్చు దగ్గరా వంగి "సరేనా?" అంటున్నాడట. లోపల్నుంచి "సరే" అని జవాబొస్తోందట. ఏ అచ్చు దగ్గర వంగినా అదే జవాబు, అదే గొంతు. ఎవరిదా అని చెవి పెట్టి వింటే అది తన గొంతే. పడవ ఒడ్డుకి తగిలి మెలకువ వచ్చింది. అరచేతులు చల్లగా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే, కొండమీది గుడి ధర్మకర్త జగ్గునాయుడు మేళతాళాలతో దిగాడు. కొబ్బరికాయలు, పూలు, పసుపు బట్ట, ఏ లోటూ లేదు. ముహూర్తం దగ్గర పడింది. కొలిమి దగ్గర గవరయ్య తిత్తులు ఊదుతున్నాడు. మూసలో కంచు కరిగి, లోపల ఒక చిన్న సూర్యుడు కూర్చున్నట్టుంది. లింగమూర్తి మంచి కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. అందరూ సోమాచారి వైపు చూశారు, అడగవలసింది అడుగుతాడని, తాము అనవలసింది అంటామని.

సోమాచారి ‘అంతా సరేనా’ అనలేదు.

"ఎవరికైనా ఏదైనా తేడాగా అనిపిస్తోందా?" అన్నాడు.

అలవాటు కొద్దీ నాలుగైదు గొంతులు "సరే" అనబోయి, ఆ ప్రశ్నకి ఆ జవాబు అతకదని తెలిసి మధ్యలో ఆగిపోయాయి. ఎవరూ కదల్లేదు. పొగ వాళ్ళ మధ్య నుంచి తీరిగ్గా పోతోంది. జగ్గునాయుడు దగ్గాడు. సోమాచారి అలాగే నిలబడ్డాడు.

"నాకైతే భయంగా ఉంది. ఇంతమందిలో నాకొక్కడికేనా?" అన్నాడు.

అప్పుడు పారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వినీ వినపడనట్టు అంది. "బాబూ, అచ్చు మీద గాలి పోడానికి కన్నం ఉంటది గదా, దాని మీద సెయ్యెడితే సెమ్మగా తగిలింది. నా సేతి సెమటే అయ్యుండొచ్చు. నాకు తెల్దు."

"ఆపండి. అచ్చు పైకి తియ్యండి," అన్నాడు సోమాచారి.

జగ్గునాయుడు అంతెత్తు లేచాడు. "ఇదేటి చోద్యం! అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ముహూర్తం దాటిపోతంది!" గోతిలో కూరిన మట్టి తవ్వకుండా అచ్చు రాదు. తవ్వాక పగలకుండా ఉండదు. అయినా తవ్వారు. పైకి లాగుతూండగానే అది నిలువునా చీలింది. సోమాచారి వంగి లోపలి మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపాడు.

పొడి. వేసవి దుమ్ములా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. ఎక్కడా తడన్నది లేదు.

నెలరోజుల పని ముక్కలై గట్టు మీద పడి ఉంది. ముహూర్తం దాటిపోయింది. "మేం గంట కోసం వచ్చాం సోమాచారీ, మట్టి పెళ్ళల కోసం కాదు," అన్నాడు జగ్గునాయుడు. పారమ్మ మొహం తెల్లగా పాలిపోయింది.

సోమాచారికి ఒళ్ళు మండిపోయింది. లేని తడి ఉందని ఎందుకు చెప్పాలి? నీ అనుమానం తగలెయ్య అన్న మాట గొంతు దాటి నాలిక చివరికి వచ్చేసింది. ఇంక బయట పడడమే తరువాయి. సరిగ్గా అప్పుడు, ఎక్కడో ఏటి అవతల, మోకాళ్ళు కటుక్కుమన్న చప్పుడు వినబడింది అతనికి. నిజంగా వినబడిందా అంటే ఏం చెప్పం. లేచి లోపలికి వెళ్ళే ఒక ముసలావిడ వీపు మాత్రం కళ్ళకి కట్టింది. అతను నిలబడి ఆ మాటని గుటక వేశాడు. ఉప్పగా దిగిందది.

గంట మొదటిసారి మోగాక కొబ్బరికాయ కొట్టి, మొదటి చెక్క కంచు పోసినవాడికి ఇవ్వడం వాళ్ళ ఆచారం. ఆ రోజు మోగిన గంట లేదు. సోమాచారి పళ్ళెంలోంచి కాయ తీసి కొలిమి రాతి మీద కొట్టాడు. మొదటి చెక్క తీసుకెళ్ళి రెండు చేతులతో పారమ్మకి ఇచ్చాడు.

"తడి లేదు బాబూ," అంది ఆవిడ, కళ్ళనీళ్ళతో. "నాను తప్పు సెప్పాను."

"మా వాడు ఇవాళ రెండు కాళ్ళతో ఇంటికి పోతున్నాడు. తీసుకో," అన్నాడు సోమాచారి.

జగ్గునాయుడు నొసలు కొట్టుకుంటూ పోయాడు. లింగమూర్తి మాత్రం రాతి మీద కూర్చుని, రెండో చెక్కలోంచి కొబ్బరి గోటితో తవ్వుకు తింటూ, "బావా, నీకు మతి పోయిందని ఊరంతా అనుకుంటార్రోయ్," అని నవ్వాడు. ఆ రోజు అందరూ పారమ్మ చేతిలోని కొబ్బరి చెక్క చూశారు.

మళ్ళీ అచ్చు తయారైంది. మళ్ళీ ముహూర్తం పెట్టారు. మళ్ళీ మేళం వచ్చింది, జగ్గునాయుడి మొహంలో నమ్మకం మాత్రం రాలేదు. సోమాచారి మళ్ళీ అదే అడిగాడు, "ఎవరికైనా తేడాగా అనిపిస్తోందా?" ఈసారి ఒకరు తాడు మార్చమన్నారు, ఒకరు కాలి కింద ఇసుక జారుతోందన్నారు. తాడు మార్చారు, ఇసుక చదును చేశారు. ఇక పారమ్మ తనంతట తనే గాలికన్నం మీద చెయ్యి పెట్టి చూసి, తల ఊపింది. మౌనం మొదలైంది.

ఇద్దరు మనుషులు తమ భుజాల మీది దూలానికి వేలాడే ఇనుపకడియంలో మూసని ఎత్తారు. అడుగులో అడుగేసుకుంటూ గోతి వైపు కదిలారు. లింగమూర్తి పక్కనే నడుస్తున్నాడు. పొగలో మనుషుల మొహాలు లేవు, నడిచివెళ్ళే ఆ ఎర్రటి వెలుగొక్కటే ఉంది. ఏటి గాలి కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. ఆ నిశ్శబ్దంలో, తాతల నాటి నుంచి ఎవరూ దాటని ఆ నిశ్శబ్దం నడిమధ్యలో, ఒక బొంగురు గొంతు కేక వేసింది.

"ఆగండి!"

గవరయ్య! పెళ్ళిపీటల మీద కూడా తలే ఊపాడు తప్ప నోరు విప్పలేదని అందరూ ఆటపట్టించే గవరయ్య. తిత్తుల దగ్గర నేల మీద కూర్చున్న ఆ మనిషి, వేలు చాపి కడియం కిందవైపు చూపిస్తున్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించిందో ఏమో, నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

మోసేవాళ్ళు ఉన్నచోటే నిలిచి, మూసని నెమ్మదిగా ఇసుకలో దింపారు. లింగమూర్తి పటకారుతో కడియాన్ని బిగించే చీలని ఇలా తాకాడు. అంతే, ఊడొచ్చి టంగుమని రాతి మీద పడింది. ఇంకో రెండడుగులు వేసుంటే మూస కూలేది. కూలేచోట ఉండేది లింగమూర్తి కుడి కాలే. అతను కిందకి చూసుకున్నాడు, ఆ కాలి వేళ్ళు ఒకసారి కదిపి చూసుకున్నాడు. తరవాత వెళ్ళి గవరయ్య పక్కన చతికిలబడి, అతని భుజమ్మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సోమాచారి మొహం పక్కకి తిప్పుకున్నాడు. పొగ కళ్ళలో పడిందన్నాడు.

చీల మార్చి, కంచు మళ్ళీ కాచి, ఆ ముహూర్తంలోనే పోశారు. అచ్చు పగలగొడితే గంట నిండు చందమామలా వచ్చింది. మొదటి కొబ్బరి చెక్క ఎవరికి వెళ్ళిందో చెప్పనక్కరలేదు. గుమ్మంలో పిచ్చుకల గూడు గంటని మాత్రం ఎవరూ కదపలేదు, దానితో ఇప్పుడెవరికీ పని లేదు.

అయితే జగ్గునాయుడి మనసులో ఒక పీకులాట మిగిలిపోయింది. మూస లేచాక మాట పడింది కదా! గంటని కొండెక్కించి మోగించిన రోజు, చెవులు రిక్కించి విన్నవాళ్ళందరికీ ఆ మోత "ఆగం... డీ..." అన్నట్టే వినబడింది. నిజంగా అలా మోగుతోందో, అలా అనుకుని వింటే అలా వినబడుతోందో ఎవరు చెప్పగలరు? పిల్లలు దారిలో వేళాకోళం మొదలెట్టారు. నా గుళ్ళో గంట వచ్చే భక్తుల్ని ఆగమంటుందా అని జగ్గునాయుడు గొల్లుమన్నాడు.

పొద్దు వాలేవేళ సోమాచారి ఏరు దాటి వచ్చాడు. పందిరి కింద కూర్చుని, చేతికొచ్చిన చింతపండు ఒలుస్తూ, జరిగిందంతా చెప్పాడు. "ఇది దోషమేనా అమ్మా? గంటలో మాట పడింది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే కొండమీద సంధ్య గంట మోగింది. మోత మసకలోంచి మెట్లు దిగుతున్నట్టు వచ్చింది. ఏటి మీద పడవ నడిపేవాడు తెడ్డు ఎత్తి ఒక్క క్షణం అలాగే ఉంచాడు. పందిరి కింద సోమాచారి వేళ్ళు చింతపండులోనే ఆగిపోయాయి. పేరిందేవమ్మగారు కళ్ళు మూసుకుని ఆ మోత పూర్తిగా పోయేదాకా విన్నారు. లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చారు.

అతను ఒక గుక్క తాగి, ఈసారి తల ఎత్తే చెప్పాడు. "అమ్మా, ఉప్పు ఎక్కువైంది."

ఆవిడ తన గ్లాసు ఎత్తి రుచి చూశారు. మళ్ళీ ఒకసారి చూశారు. తరవాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ అన్నారు.

"నా నోటికి సరిగ్గానే ఉంది నాయనా. ఉండు, నీళ్ళు తెస్తాను."